తూర్పు కొమ్మ పువ్వులు

కళ్ళ మామ్మ పోయిందని మా అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. నా అబద్ధాన్ని పట్టుకునే మనిషి ఈ ఖరగ్‌పూర్‌లో ఇక లేదన్న భయం అది.

నేను గూడ్సు బళ్ళ మీద అసిస్టెంట్ లోకో పైలట్‌ని. ఇంజన్‌లో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు, నేను కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటాను. ఇద్దరం సిగ్నల్ చూసి ఏ రంగో పైకి అనాలి. వచ్చే సోమవారం నాకు మెడికల్ ఉంది. ఇంజన్ ఎక్కేవాళ్ళకి మెడికల్ అంటే కళ్ళే. నడుము నొప్పి ఉన్నా, కడుపులో మంట ఉన్నా ఎలాగో నెట్టుకురావచ్చు గాని, కన్ను తప్పితే ఇంజన్ దిగిపోవాల్సిందే. మూడు వారాలుగా నా కుడి కన్ను సాయంత్రమయ్యేసరికి మంట పెడుతోంది, సిగ్నల్ దీపం చుట్టూ పొగ పట్టినట్టు కనిపిస్తోంది. ఈ మాట ఇన్నాళ్ళూ ఇంట్లో చెప్పలేదు, డ్యూటీలో చెప్పలేదు. మామ్మకయితే చెప్పనక్కర లేదు, ఆవిడే పట్టేస్తుంది. అందుకనే ఈ మూడు వారాలూ ఆవిడ ఉండే వీధివైపు తొంగి చూడలేదు. ఇంతలో ఆవిడే వెళ్ళిపోయింది.

ఆవిడ అసలు పేరు నాకు తెలియదు. అడగాలని ఎప్పుడూ తోచలేదు. మా తెలుగువాళ్ళందరికీ కళ్ళ మామ్మ. బెంగాలీలు దీదా అనేవాళ్ళు, అంటే అమ్మమ్మ. నిమ్‌పురాలో రైల్వే క్వార్టర్ల చివరి వరసలో, వర్క్‌షాపులో పనిచేసే కొడుకు దగ్గర ఉండేది. ఇంటి వెనక చిన్న దొడ్డి, దొడ్లో కుళాయి, కుళాయికి పది అడుగుల దూరంలో మనిషెత్తు పెరిగిన నందివర్ధనం చెట్టు. ఒంటిరేకు నందివర్ధనం. ముద్ద నందివర్ధనం ఎవరో తెచ్చిస్తే, "ఇది దేవుడికెట్టుకో, కంటికి పనికి రాదు" అని తిప్పి పంపేసింది.

పొట్టి మనిషి. మాట ఎప్పుడూ పైకి లేచేది కాదు. అరిచేవాళ్ళంటే నాకంత భయం లేదు, మా ఇంట్లో అందరూ అరిచేవాళ్ళే. మామ్మ నెమ్మదిగా మాట్లాడేది, అది నాకు హడలు. ఎవరైనా కన్ను నులుముకుంటూ వస్తే ముందు వాళ్ళ మొహం చూసేది కాదు, చేతులు చూసేది. "దేన్తో తుడిసినావు?" అనేది. జేబురుమాలు తీసి చూపిస్తే రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి మరుగుతున్న నీళ్ళలో పడేసేది. ఆ రుమాలు మళ్ళీ చేతికి వచ్చేసరికి రంగు వెలిసిపోయి ఉండేది. తరవాత తన చేతులు మోచేతుల దాకా కడుక్కునేది. సబ్బు అరిగిపోతోందని కోడలు గొణిగినా వినిపించుకునేది కాదు.

వైద్యమంతా చూస్తే ఇంతే. ముందురోజు నానబెట్టిన ధనియాల నీళ్ళు కాచి, చల్లార్చి, నాలుగు మడతల పాత పంచెలో వడగట్టి, ఆ నీళ్ళతో రెప్పల పైనా చుట్టూ తుడిచేది. తెల్లవారకముందు కోసిన నందివర్ధనం పువ్వులు తొడిమలు గిల్లేసి, గిల్లిన చోట కారే పాలు పోయేదాకా ఏడు నీళ్ళలో కడిగేది. కళ్ళు మూయించి రెప్పల మీద పువ్వులు పరిచి, పైన తడిగుడ్డ కప్పి అరగంట పడుకోబెట్టేది. ఇంటికి వెళ్ళేటప్పుడు గుప్పెడు పొన్నగంటి కూర చేతిలో పెట్టేది. కంట్లో మాత్రం చుక్క వేసేది కాదు. ఎంత బతిమాలినా వేసేది కాదు. గోల్‌బజార్ నుంచి ఒక బెంగాలీ బట్టల కొట్టాయన వచ్చి, మా ఊళ్ళో పువ్వు రసం పిండి కంట్లో వేస్తారు దీదా, నువ్వూ వెయ్యి అన్నాడు. మామ్మ తల అడ్డంగా ఊపింది. "రెప్ప మీదే బాబూ, రెప్ప లోపలికి కాదు" అని తెలుగులోనే చెప్పింది. బెంగాలీ బాగా వచ్చిన మనిషి ఆ ఒక్క మాటా ఎవరికైనా తెలుగులోనే చెప్పేది. ఎందుకో నేను అడగలేదు.

తగ్గిపోతుంది అన్న మాట ఆవిడ నోట నేను వినలేదు. "తగ్గుద్దా మామ్మా?" అని అడిగితే, "సూద్దుం" అనేది. అంతే. ఆ ఒక్క మాటకి పెద్ద పెద్ద మగాళ్ళు కూడా గుటకలు మింగడం నేను చూశాను. ఏ వైద్యుడైనా కాస్త ధైర్యం చెప్తాడు కదా, ఈవిడేమిటి ఇలా అని మా నాన్న విసుక్కునేవాడు. విసుక్కుంటూనే వర్క్‌షాపులో గ్రైండింగ్ పొడి కళ్ళలో పడ్డప్పుడల్లా అక్కడికే పరిగెత్తేవాడు. ఆవిడకి ఇవ్వాల్సిందల్లా ఒక బకెట్ నీళ్ళు. కుళాయి కింద పట్టి చెట్టు మొదట్లో పొయ్యాలి. కళ్ళకి గుడ్డ కట్టించుకున్నవాళ్ళు కూడా తడుముకుంటూ వెళ్ళి పోసేవాళ్ళు.

వీటన్నిటికీ ముందు ఒక పరీక్ష ఉండేది. తూర్పువైపు వంగిన ఒక కొమ్మ మీద పువ్వులు మామ్మ వైద్యానికి వాడేది కాదు, పూజకీ కోయనిచ్చేది కాదు. వచ్చినవాళ్ళని కుళాయి గట్టు మీద నిలబెట్టి, బాగున్న కన్ను తన అరచేత్తో మూసేది. ఆ చేతికి ఎప్పుడూ ధనియాల వాసనే. "తూర్పు కొమ్మ మీద ఎన్నున్నాయి?" అని అడిగేది. లెక్క సరిపోతే పువ్వులు. ఒక్కటి తేడా వచ్చినా, "ఇది నా పువ్వుల పని కాదు. ఆస్పత్రికి ఎల్లు" అనేది. పువ్వులు పెట్టించుకున్నవాళ్ళకి కూడా మూడు రోజులే గడువు. మూడో పొద్దుకి తగ్గకపోతే మళ్ళీ ఆవిడ గుమ్మం తొక్కనిచ్చేది కాదు.

నాకు ఆరేళ్ళప్పుడు కాలనీ అంతా కళ్ళకలక. అమ్మ నన్ను ఎత్తుకుని తీసుకెళ్ళింది. చాప మీద పడుకోబెట్టి కళ్ళమీద పువ్వులు పెట్టగానే లోకం మాయమైపోయింది. చల్లగా, తడిగా, చీకటి. ఈ పువ్వులు తీశాక కూడా ఇలాగే ఉండిపోతుందేమోనని ఏడుపు మొదలుపెట్టాను. ఏడిస్తే పువ్వులు జారిపోతాయని అమ్మ కసిరింది. మామ్మ నా చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకుంది. "బయమేస్తే ఇక్కడ గట్టిగా గిల్లు" అంది. నేను నిజంగానే గిల్లాను, అరగంటా గిల్లుతూనే ఉన్నాను. ఆవిడ కదల్లేదు. లేచాక చూస్తే మోకాలి మీద చర్మం కమిలిపోయి ఉంది. ఇప్పటికీ ఆ అరగంట తలుచుకుంటే నా వేళ్ళు ముడుచుకుంటాయి.

ఊళ్ళోనే ఉన్న హిజ్లీ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి తెలుగు పిల్లలు కూడా వచ్చేవాళ్ళు. హాస్టల్లో ఎవడో చెప్పాడట, సైకిలు మీద వెతుక్కుంటూ వచ్చారు ఇద్దరు. ఒకడు వరంగల్ వైపు పిల్లాడు. "అవ్వా, కండ్లు గుంజుతున్నయ్, నీళ్ళు కారుతున్నయ్, పరీక్షలున్నయ్ అవ్వా" అన్నాడు ఏడుపు గొంతుతో. మామ్మ లెక్కపెట్టించింది. సరిగ్గానే చెప్పాడు.

"ఎన్ని గంటలు సూత్తావు ఆ పెట్టె?" అంది.

"ఏ పెట్టె అవ్వా?"

"సదూకునేది."

వాడు వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రెండు చేతులూ అయిపోయి మళ్ళీ మొదటికి వచ్చాడు. మామ్మ వాడి చేతిలో ఒక నందివర్ధనం కొమ్మ పెట్టి, "ఇది తీసికెల్లి నీ గది ముందు పాతు. గంటకోపాలి లేసి దీనికి నీల్లు పొయ్యి. నీ కల్లకి నానేటీ పెట్టనక్కర్లేదు" అంది. గంటకోసారి నీళ్ళు పోస్తే చెట్టు చచ్చిపోదా అని రెండోవాడు అడిగాడు. "సస్తే సావనీ, కొమ్మలు నాకాడ సాలా ఉన్నాయి" అంది. ఆవిడ నవ్వడం నేను చూసిన రెండుమూడు సార్లలో అదొకటి.

ఇక నా కథ. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, వేసవి. ఎదురుగా ఇనుప ఖనిజం లోడు వస్తోంది. మలుపులో నా బండి వెనక భాగం సరిగ్గా ఉందో లేదో చూడాలని తల బయటపెట్టాను. ఎదురుబండి వేగంగా దాటింది. ఎర్ర దుమ్ము కుడి కంట్లో కొట్టింది. నీళ్ళతో కడుక్కున్నాను, అలవాటు ప్రకారం నులిమేశాను. మూడు రోజులు సర్దుకుంటుందిలే అనుకున్నాను. నాలుగో రోజుకి వెలుతురు చూస్తే సూది గుచ్చినట్టు ఉంది. ఆ సాయంత్రం డ్యూటీలో డ్రైవరు "డబుల్ యెల్లో" అన్నాక, నేను "డబుల్ యెల్లో" అన్నాను. మరుసటి సిగ్నల్‌కీ అంతే, ఆయన అన్నాక నేను అన్నాను. ఆయన గమనించలేదు. మూడువేల టన్నుల బండి, రెండు జతల కళ్ళ మీద నడవాల్సింది, ఒక జత మీద నడుస్తోంది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఒంట్లో బాగాలేదని సిక్ పెట్టి రైల్వే ఆస్పత్రికి వెళ్ళొచ్చు. వెళితే కన్ను అని రాస్తారు. కన్ను అని ఒకసారి కాగితం మీద పడితే ఏమవుతుందో మా కాలనీలో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర లేదు. ఇంజన్ దిగినవాళ్ళు ఆఫీసులో ఫైళ్ళు మోస్తూ కనిపిస్తారు. మా చిన్నప్పుడు ఎక్కాలు రాని పిల్లలున్నారేమో గాని, కళ్ళ పరీక్ష చార్టులో కింది వరస అక్షరాలు రాని పిల్లలు లేరు. పెద్దవాళ్ళు ఆస్పత్రి నుంచి వచ్చి ఒకరికొకరు అప్పజెప్పుకుంటుంటే మేమూ విని బట్టీపట్టేశాం. ఇప్పుడు చార్టులు మారిపోయాయి, ఆ బుద్ధి మాత్రం మాలో ఉండిపోయింది.

నేను మామ్మ దగ్గరికి వెళ్ళాను. నాలుగో రోజని చెప్పకూడదు, ఇవాళే అని చెప్పాలి. లెక్క ఒక్కటే చిక్కు. దొడ్డి గేటు దగ్గర ఆగాను. మామ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది, కోడలితో మాట్లాడుతున్న గొంతు వినిపిస్తోంది. గబగబా రెండు కళ్ళతో తూర్పు కొమ్మ లెక్కపెట్టుకున్నాను. పదిహేడు. మళ్ళీ లెక్కపెట్టాను. పదిహేడే.

అప్పుడు పిలిచాను. మామ్మ వెనక తలుపులోంచి వచ్చింది. చెట్టు పక్క నుంచి నడిచి, కొంగు సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"ఏటే, ఏటయినాది?"

"దుమ్ము పడినాది మామ్మా. ఇయ్యాలే."

చేతులు చూసింది. గట్టు మీద నిలబెట్టింది. ఎడమ కన్ను అరచేత్తో మూసింది. కుడి కంటికి ఎదురుగా పచ్చటి మసక, దాని మీద తెల్లటి మసక. ఒక్క పువ్వు కూడా విడిగా కనిపించలేదు. నేను తడబడకుండా, మధ్యలో కాస్త ఆగుతూ, నిజంగా లెక్కపెడుతున్నట్టే పెదాలు కదిపాను.

"పదిహేడు" అన్నాను.

మామ్మ నా కంటి మీద చెయ్యి తియ్యలేదు. రెండో చెయ్యి నా ముందుకి తెచ్చినట్టుంది, ఏదో తగిలింది ముక్కుకి, చల్లగా. అప్పుడు చెయ్యి తీసింది. ఆవిడ గుప్పిట్లో ఒక నందివర్ధనం పువ్వు ఉంది.

"ఇది నా సేతిలో ఉన్నాది గుంటా" అంది. "కొమ్మ మీద పదారే ఉన్నాయి. వొచ్చినప్పుడే తెంపినాను."

నేను గట్టు దిగాను.

"డ్యూటీ మనుసులు వొస్తే ఒకటి తెంపుతాను. మీకు ముందే లెక్కెట్టుకునే బుద్ది ఉంటాది." అని పీట లాక్కుని కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు. "ఎన్నాల్లయినాది?"

"నాలుగు రోజులు."

"మరి ఎల్లు ఆస్పత్రికి."

నేను ఏడ్చాను. నా ఉద్యోగం పోతుందన్నాను. నువ్వు పువ్వులు పెట్టు, రెండు రోజుల్లో తగ్గిపోతుంది, ఎవరికీ తెలియదు అన్నాను. నన్ను ఇంజన్ దింపేస్తే మా నాన్న ముందు నిలబడలేనన్నాను. రసమైనా కంట్లో పిండు మామ్మా, పూర్వం పిండేవాళ్ళు కదా అని కూడా అన్నాను. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం మారింది. కోపం కాదు. ఆవిడ భయపడింది. అంతవరకూ మామ్మకి భయం అనేది ఉంటుందని నాకు తెలియదు.

చెట్టుకేసి చూస్తూ చెప్పింది, నాకేసి కాదు.

"మా ఆయన గూడ్స్ డ్రైవరే. నీలాగే కన్ను ఎర్రబడినాది. మెడికల్ దగ్గిరికొచ్చినాది. మాయమ్మ పల్లెలో పువ్వు రసం పిండీది, నానూ నేర్సుకున్నాను. ఈ సెట్టు కాడే నిలబెట్టి లెక్కెట్టమన్నాను. పదారు అన్నారు. నాను నమ్మినాను. ముందే రెండో కంటితో సూసుకున్నారని నాకేటి తెలుసు? ఆయనకి డ్యూటీ పిలుపొచ్చింది, బేగి పిండమన్నారు. తొడాలు గిల్లకుండా పిండీసినాను. పాలు కలిసి కంట్లో పడిపోనాయి."

ఆగింది. లేచి, చుక్కలు పడుతున్న కుళాయి బిగించి వచ్చింది.

"మంటెట్టినా నోరిప్పలేదు ఆయన. సెప్తే ఆస్పత్రికి తీసికెల్తానని బయం. నాను తప్పు సేసినానని నాకు తెలిసినాది, నాను సెప్పలేదు. నాకూ బయమే. ఇద్దరం నోరు మూసుకుని పన్నెండు దినాలు కూకున్నాం. ఆ తరవాత కంటి మీద తెల్లమచ్చ."

ఆయనని ఇంజన్ దింపి ఆఫీసులో నీళ్ళు అందించే పనిలో వేశారట. రిటైరయ్యేదాకా పొద్దున్నే లేచి డ్రైవర్ పెట్టె తుడుచుకుని గుమ్మం దగ్గర పెట్టుకునేవాడట. తరవాత ఆ పెట్టె అక్కడే వదిలేసి ఆఫీసుకి నడిచి వెళ్ళేవాడట. ఒక్కనాడూ నన్ను ఒక మాట అనలేదు అంది మామ్మ. అన్నా బాగుండేది అంది.

ఆవిడ దగ్గరికి కన్ను పట్టుకుని వచ్చే వాళ్ళందరినీ ఎందుకంత బెదరగొట్టేదో నాకు అప్పుడు తెలిసింది. పువ్వులు చాలినవాళ్ళకి పువ్వులు పెట్టింది. చాలనివాళ్ళని భయపెట్టి ఆస్పత్రికి తరిమింది. ఆవిడ వైద్యంలో ఆ రెండోదే పెద్దది.

"నాను పోను మామ్మా" అన్నాను అయినా. మొండితనం మా ఇంటి సొత్తు.

"ఎల్లకపోతే రేపు పొద్దున్న నానే లాబీకి ఎల్లి సెప్తాను. ఈ గుంటకి కన్ను కనపళ్ళేదు, బండెక్కించకండని సెప్తాను" అంది. గొంతు పెంచలేదు. లాబీ అంటే మేం డ్యూటీ ఎక్కేముందు సంతకం పెట్టే చోటు. ఈ ముసలిది అంత పనీ చేస్తుందని నాకు తెలుసు. అసహ్యించుకుంటూ ఇంటికి వచ్చాను. నిజమే చెప్తున్నాను, ఆ రోజు మామ్మ చచ్చిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న ఏడింటికి మా ఇంటి ముందు టోటో అనే బ్యాటరీ రిక్షా ఆగింది. అందులో మామ్మ, ఉతికిన చీర కట్టుకుని, చేతిలో ధనియాల నీళ్ళ సీసాతో. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద నా పక్కన కూర్చుని, నా చెయ్యి తీసి తన మోకాలి మీద పెట్టుకుంది. నేను గిల్లలేదు గాని చెయ్యి తియ్యలేదు.

కంటి డాక్టరమ్మ బెంగాలీ. దీపం వేసి చాలాసేపు చూసింది. నల్లగుడ్డు మీద పుండు పడిందంది. "ఆర్ దూదిన్ దేరీ కోర్లే దాగ్ థేకే జేతో" అంది. ఇంకో రెండు రోజులు ఆలస్యం చేస్తే మచ్చ ఉండిపోయేదట. నేను ఆ మాట తెలుగులో మామ్మకి చెప్పబోయాను. ఆవిడకి నాకంటే ముందే అర్థమైంది. గోడకి జారబడి కళ్ళు మూసుకుంది.

నాలుగు నెలలు ఇంజన్ ఎక్కలేదు. మందులు, మళ్ళీ పరీక్షలు. ఆ నాలుగు నెలలూ ప్రతి రోజూ చచ్చి బతికాను. చివరికి ఫిట్ అని రాసి ఇచ్చారు. ఆ కాగితం తీసుకుని నేరుగా మామ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కాగితం చూడలేదు. గట్టు మీద నిలబెట్టి, ఎడమ కన్ను మూసి, "ఎన్నున్నాయి?" అంది. చెప్పాను. సరిపోయింది. "ఇంక తగ్గిపోనట్టే కదా మామ్మా?" అన్నాను ఆశగా.

"సూద్దుం" అంది.

అప్పటినుంచి నెలకోసారి వెళ్ళి లెక్క అప్పజెప్పాను. వెళ్ళిన ప్రతిసారీ ఎన్ని తెంపి గుప్పిట్లో దాచిందో తెలియదు. ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి మూడు, ఒక్కోసారి ఏమీ లేదు. నా అబద్ధానికి సందు ఇవ్వలేదు. నాకూ అలా పట్టుకునే మనిషి ఉండడం కావాల్సి వచ్చిందని ఇప్పుడనిపిస్తోంది.

ఈ మూడు వారాలు తప్ప.

నిన్న మామ్మ పదకొండో రోజు. పొద్దున్నే వెళ్ళాను. ఇంటి ముందు టెంటు, వర్క్‌షాపు వాళ్ళు, బెంగాలీ ఇరుగుపొరుగు. కన్ను చూపించుకున్నవాళ్ళే సగం మంది. నన్ను చూసి మామ్మ కోడలు కళ్ళు తుడుచుకుంది. "ఆకరి దినాల్లో నిన్ను అడిగినాది అమ్మా. ఆ గుంట రాలేదేటి, లెక్క సెప్పలేదేటి అని" అంది. నేను తల దించుకున్నాను. కారణం నాకు తెలుసు, ఆవిడకి తెలియదు. సిగ్గుతో నా ఒళ్ళు కాలిపోయింది.

దొడ్లోకి వెళ్ళాను. కోడలు వెనకే వచ్చింది. చెట్టు నిండా పువ్వులు. ఎవరూ కొయ్యలేదు, కిందంతా రాలి వాడిపోయి ఉన్నాయి. తూర్పు కొమ్మ మాత్రం అలవాటుగా బరువుగా వంగి ఉంది. నేను కుళాయి గట్టు ఎక్కాను. ముందుగా లెక్కపెట్టకూడదని తల పక్కకి తిప్పుకునే ఎక్కాను. నా ఎడమ కన్ను నా అరచేత్తోనే మూసుకున్నాను. ధనియాల వాసన లేదు.

పదకొండు.

మళ్ళీ లెక్కపెట్టాను. తెలుపు మీద తెలుపు కలిసిపోతోంది. పదకొండో, పన్నెండో. పదకొండే.

చెయ్యి తీశాను. గట్టు దిగి కొమ్మ దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్క పువ్వునీ వేలితో తాకుతూ లెక్కపెట్టాను. పద్నాలుగు. ఎవరి గుప్పిట్లోనూ ఏమీ లేదు. కోడలు రెండు చేతులతోనూ నీళ్ళ బకెట్ పట్టుకుని నిలబడి ఉంది. సోమవారం ఇంకా నాలుగు రోజులుంది. ఆ లోపు రెండు ట్రిప్పులున్నాయి. రెండూ రాత్రి బళ్ళు.

"ఎన్నున్నాయి అమ్మా?" అంది కోడలు. మామ్మ అడిగినట్టే అడిగింది, అలవాటు కొద్దీ. పద్నాలుగు అని చెప్తే అక్కడితో అయిపోతుంది. ఆవిడకి తేడా తెలియదు.

"పదకొండు" అన్నాను.

ఆవిడ చేతిలోంచి బకెట్ తీసుకుని చెట్టు మొదట్లో నీళ్ళు పోశాను. అక్కడే నిలబడి లాబీకి ఫోన్ చేశాను. ఎత్తినవాడు మన తెలుగు అబ్బాయే. సిక్ పెడుతున్నానన్నాను.

"ఏటయినాది అక్కా?"

"కన్ను. కుడిది."

కన్ను అంటే ఏమిటో వాడికీ తెలుసు. గొంతు తగ్గించి, "వొద్దులే అక్కా, జొరమని రాస్తాను. సోమారం మెడికల్ లోపు అదే తగ్గిపోద్ది" అన్నాడు.

ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాను.

"కన్ను అనే రాయి తమ్ముడూ" అన్నాను. "తగ్గుద్దో లేదో సూద్దుం."